మోకాలి ఆపరేషన్ తర్వాత: ముందు కాలు చాపాలి, ఆ తర్వాతే వంచాలి

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఇంటికి రాగానే మంచం మీద పడుకోబెట్టి మోకాలి కింద మెత్త పెడతారు. ప్రేమతోనే పెడతారు. కాలు కొంచెం వంగి ఉంటే నొప్పి తగ్గుతుంది కాబట్టి పడుకున్నవాళ్లకూ హాయిగానే ఉంటుంది. కానీ ఆ మెత్త వల్లే కాలు చెడుతుంది. మోకాలి వెనక కండరాలు, కీలు చుట్టూ ఉండే పొర ఆ వంగిన కొలతకే బిగుసుకుపోతాయి. రెండు మూడు నెలలు దాటాక వాటిని మళ్లీ సాగదీయడం చాలా కష్టం. కాలు పూర్తిగా చాపుకోకపోతే నిలబడ్డంతసేపూ తొడ కండరం బిగిసే ఉండాలి. పావుగంట నడవగానే తొడ లాగుతుంది, ఆ కాలు పొట్టిదైనట్టు కుంటు వస్తుంది, తర్వాత నడుము నొప్పి మొదలవుతుంది.

పరామర్శకు వచ్చినవాళ్లందరూ "ఎంత వంగుతుంది?" అని అడుగుతారు. "ఎంత చాపగలుగుతున్నవు?" అని అడిగేవాళ్లు తక్కువ. మొదటి ఆరు వారాల్లో అసలైన ప్రశ్న రెండోదే. అందుకే ఇక్కడ వరుస ఇలా ఉంటుంది: ముందు చాపడం, దాంతోపాటే తొడ కండరాన్ని లేపడం, తర్వాత వంచడం, తర్వాత నడక దూరం పెంచడం, చివరికి బరువులు, మెట్లు, పొలం.

"చిప్ప మార్చిన్రు" అని అందరం అంటాం. నిజానికి తొడ ఎముక కింది చివరా, కాలి ఎముక పై చివరా అరిగిన భాగాన్ని పలుచగా కోసి లోహపు తొడుగులు వేస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. చిప్ప వెనకవైపు కొందరికి మారుస్తారు, కొందరికి అలాగే ఉంచుతారు. కీలు కొత్తది గానీ దాన్ని ఆడించే కండరాలు మాత్రం ఏళ్ల తరబడి కుంటుతూ నడిచిన పాత కండరాలే. పైగా ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో తొడ ముందు కండరం బలం సగానికి పైగా పడిపోతుంది. ఫిజియోథెరపీ ఈ కండరాల కోసం. మీ సర్జన్ "ఈ కాలిమీద ఇన్ని వారాలు బరువు వేయొద్దు" అని ప్రత్యేకంగా చెప్పి ఉంటే మాత్రం ఆ మాటే పాటించండి. కింద చెప్పేదంతా మామూలుగా జరిగిన మార్పిడి ఆపరేషన్ గురించి.

ఆపరేషన్‌కు ముందే సర్దుకోవాల్సినవి

వీలైతే నెల ముందు నుంచే మొదలుపెట్టండి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా, లేకపోతే తక్కువ సాయంతో, రోజుకు 10 సార్లు లేచి కూర్చోండి. వాకర్‌తో నడవడం ముందే నేర్చుకోండి. నొప్పిలో, మత్తులో కొత్త పని నేర్చుకోవడం కష్టం. వాకర్ ఎత్తు ఇలా చూడండి: నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. అంతకన్నా కిందికి ఉంటే ముందుకు వంగి నడుస్తారు, మోకాలు కూడా వంగే ఉంటుంది.

ఇంట్లో నులక మంచం, నవారు మంచం పక్కన పెట్టండి. నడుమ కుంగే మంచంలో కాలు చాపడం కుదరదు, లేవడమూ కుదరదు. గట్టి పరుపున్న మంచం కావాలి. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి, తొడ మోకాలి కన్నా కొంచెం ఎత్తుగా ఉండాలి. మంచం పొట్టిగా ఉంటే నాలుగు కోళ్ల కింద ఒకే మందం చెక్కలు కదలకుండా పెట్టండి. చేతులున్న కుర్చీ ఒకటి, కనీసం 18 అంగుళాల ఎత్తుది. ప్లాస్టిక్ కుర్చీ అయితే రెండు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడితే ఎత్తూ పెరుగుతుంది, గట్టిగానూ ఉంటుంది.

పాయిఖానా సంగతి అన్నిటికన్నా ముందు తేల్చాలి. దేశీ బేసిన్ మాత్రమే ఉన్న ఇంట్లో కమోడ్ కుర్చీ తప్పదు. మెడికల్ షాపుల్లో, సర్జికల్ దుకాణాల్లో దొరుకుతుంది. నాలుగు కాళ్లకూ రబ్బరు బుడిపెలు ఉన్నాయో లేదో చూడండి. తడి గచ్చు మీద అవి లేకపోతే జారుతుంది. తలుపు పక్కన గోడకు పట్టుకునే రాడ్ ఒకటి బిగించండి. టవల్ వేసుకునే రాడ్ మనిషి బరువు ఆపదు. కాళ్లు తుడుచుకునే పట్టాలు, వైర్లు, పిల్లల బొమ్మలు దారిలోంచి తీసేయండి. గడప ఎత్తుగా ఉంటే అంచున రంగు టేపు అంటించండి, రాత్రిపూట కనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు

చాలామందిని ఆపరేషన్ రోజు గానీ మర్నాడు గానీ లేపి నిలబెడతారు. భయపడొద్దు, ఎముకకు తొడుగులు గట్టిగా పట్టుకునే ఉంటాయి. ఈ రెండు వారాల్లో రోజుకు మూడు నాలుగు విడతలు వ్యాయామం చేయాలి. ఒక్కో విడత 15 నుంచి 20 నిమిషాలు. ఒకేసారి గంటసేపు చేస్తే వాపు పెరిగి మర్నాడు ఏమీ చేయలేరు. డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకున్నాక అరగంట, ముప్పావు గంట ఆగి మొదలుపెట్టండి. "మాత్రలు ఎక్కువైతే పాడు" అని మాత్ర మానేసి, నొప్పికి భయపడి వ్యాయామమూ మానేసేవాళ్లు చాలామంది. ఆ రెండింటిలో ఎక్కువ నష్టం వ్యాయామం మానేయడం వల్లే.

మడమ దగ్గర పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం. మెలకువగా ఉన్నంతసేపు గంటకు 20 సార్లు. ఇది పిక్కల్లో రక్తం గడ్డ కట్టకుండా చూస్తుంది. సులువుగా ఉందని వదిలేయొద్దు.

తొడ బిగించడం. కాలు చాపి కూర్చోండి లేదా పడుకోండి. మోకాలి వెనక భాగాన్ని పరుపులోకి నొక్కుతున్నట్టు తొడ కండరం బిగించి 5 లెక్కపెట్టండి, వదలండి. 10 సార్లు ఒక విడత. సరిగా చేస్తున్నారా అన్నది వేళ్లతో చూడాలి: చిప్పకు పైన, లోపలివైపు వేళ్లు పెడితే కండరం గట్టిపడటం తెలియాలి, చిప్ప కొంచెం పైకి జరగాలి. పిరుదు లేస్తున్నా, ఊపిరి బిగబడుతున్నా తొడ పని చేయడం లేదని అర్థం. మొదటి మూడు నాలుగు రోజులు కండరం అసలు స్పందించకపోవచ్చు. వాపు వల్ల అలా అవుతుంది. ఆపకుండా ప్రయత్నిస్తూ ఉంటే మేల్కొంటుంది. బాగున్న కాలితో కూడా ఒకేసారి చేస్తే తొందరగా వస్తుంది.

మడమ కింద ఎత్తు. ఈ మొత్తంలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. తువ్వాలను గట్టిగా చుట్టి నాలుగంగుళాల మందం ఉండ చేసి మడమ కింద పెట్టండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు. మోకాలు గాలిలో వేలాడుతూ తన బరువుతోనే కిందికి దిగుతుంది. వేళ్లు పైకప్పు వైపు చూడాలి. పాదం బయటికి వాలిపోతే మోకాలు పక్కకు తిరిగి వంగిపోతుంది, చేసిన ఫలితం ఉండదు. అలా వాలుతుంటే పాదం పక్కన ఇంకో మడత పెట్టండి. మొదట 5 నిమిషాలు, మెల్లగా 10, 15 నిమిషాలు, రోజుకు నాలుగు సార్లు. మోకాలి వెనక లాగుతుంది, ఆ లాగుడే కావాలి. కరెంటు షాక్‌లా జివ్వుమంటే ఆపండి.

కొలవడానికి యంత్రం అక్కర్లేదు. గట్టి మంచం మీద కాలు చాపి, మోకాలి కింద అరచేయి దూర్చి చూడండి. మొదట్లో ఎన్ని వేళ్లు ఒకదానిమీద ఒకటి పట్టాయో పేపరు మీద రాసుకోండి. వారానికొకసారి అదే మంచం మీద కొలవండి. తగ్గుతూ రావాలి. ఆరో వారానికి అరచేయి బిగుతుగా దూరేంత సందే మిగలాలి. రెండు వారాలు వరసగా కొలత మారకపోతే ఫోనులో అడగకండి, వెళ్లి చూపించండి.

మడమ జరపడం. పడుకుని మడమను పిరుదు వైపు మెల్లగా జరిపి, 5 లెక్కపెట్టి, మళ్లీ చాపండి. 10 నుంచి 15 సార్లు. మడమ కింద ప్లాస్టిక్ కవరు వేస్తే దుప్పటి మీద సులువుగా జారుతుంది. కుర్చీలో కూర్చుని కూడా చేయవచ్చు: ఆపరేషన్ కాలి పాదాన్ని నేల మీద వెనక్కి లాగండి, ఆగిపోయిన చోట బాగున్న పాదాన్ని దాని ముందు అడ్డం పెట్టి ఇంకొంచెం వెనక్కి నెట్టి 10 లెక్కపెట్టండి. మడమ సరిగ్గా మోకాలి కిందికి వస్తే 90 డిగ్రీలు వంగినట్టు. ఇంకా వెనక్కి పోతే 100, 110. రెండు వారాలకల్లా 90 అందితే బాగున్నట్టు. మూడు నెలలకు 110 నుంచి 120 చాలామందికి వస్తుంది. చదునుగా నడవడానికి 65, 70 డిగ్రీలు చాలు. మెట్లెక్కడానికి 85 దాకా, పొట్టి కుర్చీలోంచి లేవడానికి 105 దాకా కావాలి. అందుకే 90 దగ్గర ఆగిపోయిన కాలితో నడక బాగానే ఉన్నా సోఫాలోంచి లేవలేరు.

కాలు చాపి ఎత్తడం. మోకాలు వంగకుండా కాలిని అడుగు ఎత్తు లేపి 5 లెక్కపెట్టి దింపండి, 10 సార్లు. లేపుతుండగా మోకాలు కొంచెం వంగి మడమ వెనకబడితే తొడకు ఇంకా బలం రాలేదు. అలాంటప్పుడు దీన్ని వదిలి, తొడ బిగించే వ్యాయామమే మరో వారం చేయండి. ఊపుతో లేపడం వల్ల తుంటి దగ్గర నొప్పి తప్ప ఏమీ రాదు.

వాపు, కాపడం, "కరెంటు"

వాపు దిగనిదే తొడ కండరం పూర్తిగా పనిచేయదు. పలుచని గుడ్డలో చుట్టిన ఐసు 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు, ముఖ్యంగా వ్యాయామం అయ్యాక పెట్టాలి. ఐసు నేరుగా చర్మానికి తగిలితే పుండు పడుతుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు 10 నిమిషాలకే తీసి చర్మం చూసుకోవాలి. పడుకున్నప్పుడు కాలిని గుండె కన్నా ఎత్తులో పెట్టండి. ఎత్తు మడమ నుంచి పిక్క దాకా ఉండాలి, మోకాలి కింద మాత్రం కాదు. మన ఎండాకాలంలో, మే నెలలో మరీ, వాపు తొందరగా దిగదు. అది మామూలే.

వావిలాకు నీళ్లతో కాపడం, ఇటుక వేడి, నూనె మర్దన, ఇవన్నీ పాత నొప్పికి అలవాటైన పనులు. కుట్లున్న మోకాలికి మొదటి వారాల్లో వేడి పెడితే వాపు పెరుగుతుంది, తడి తగిలితే చీము ప్రమాదం. పసుపు, బూడిద, ఆకు పసరు గాయం మీద వేయొద్దు. కుట్లు లేదా పిన్నులు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. గాయం పూర్తిగా మానాక, డాక్టరు సరే అన్నాక మచ్చ మీద వేలితో గుండ్రంగా రోజుకు 5 నిమిషాలు రుద్దితే చర్మం కిందికి అతుక్కోకుండా ఉంటుంది.

ఫిజియోథెరపీ అంటే "కరెంటు పెట్టడం" అనుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. యంత్రం నొప్పిని కొంతసేపు తగ్గించవచ్చు గానీ వ్యాయామానికి బదులు కాదు, బిగుసుకున్న కాలిని చాపదు. పది రోజులు వెళ్లినా ప్రతిసారీ యంత్రం కింద పడుకోబెట్టి పంపేస్తే ఆ డబ్బు దండగ. షార్ట్‌వేవ్ డయాథర్మీ అనే వేడి యంత్రమైతే లోహపు కీలు మీద పెట్టనే కూడదు, లోపలి లోహం వేడెక్కుతుంది. మోకాలిలో లోహం ఉందని మీరే ముందుగా చెప్పండి. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవాళ్లేనా అని అడగడానికి మొహమాటపడొద్దు. మంచి ఫిజియోథెరపిస్టు మీ చేత చేయిస్తారు, కొలతలు రాస్తారు, ఇంట్లో చేయాల్సినవి కాగితం మీద ఇస్తారు.

ఏటూరునాగారం, మహదేవపూర్ లాంటి దూరపు ఊళ్ల నుంచి రోజూ వరంగల్ రావడం అయ్యే పని కాదు. రోజూ రానక్కర్లేదు కూడా. ఇంటికి పంపేటప్పుడే వ్యాయామాలన్నీ మీరు చేస్తుండగా ఫోనులో వీడియో తీయించుకోండి. రెండు, ఆరు, పన్నెండు వారాలకు తప్పకుండా వచ్చి కొలతలు చూపించండి. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది. ఆపరేషన్ ఎక్కడ అయినా ఆ కాగితాలు తీసుకెళ్లి అడగండి.

తిండి

"పప్పు తింటే చీము పడుతది, గుడ్డు వద్దు, వంకాయ వద్దు" అని పథ్యం పెట్టి కారం లేని చారన్నం పెడతారు. చీము పట్టేది క్రిముల వల్ల, అదుపులో లేని షుగర్ వల్ల. పప్పు వల్ల కాదు. కండరం పెరగడానికి మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు 70 గ్రాముల దాకా అవసరం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, అర లీటరు పాలలో 16 గ్రాములు ఉంటాయి. మిగతాది పప్పు, పెసర్లు, పల్లీలు, చికెన్, చేపలతో నింపండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

నడక

వాకర్ ముందు, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత బాగున్న కాలు. ప్రతి అడుగులో ముందు మడమ నేలకు తగలాలి, తర్వాత పాదం, చివర వేళ్లతో నెట్టాలి. మడమ తగిలే క్షణంలో మోకాలు నిటారుగా ఉండాలి. పాదాన్ని చదునుగా పట్‌మని వేస్తూ నడిస్తే మోకాలు వంగిన అలవాటులోనే ఉండిపోతుంది. మొదటి వారం ఇంట్లోనే 5 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. నెలకు 15 నుంచి 20 నిమిషాలు, ఆరు వారాలకు అరగంట. దూరం కన్నా నడక తీరు ముఖ్యం. కుంటు మొదలైన చోట ఆ రోజు నడక ఆపేయాలి. కుంటుతూ ఇంకో కిలోమీటరు నడిస్తే కుంటే అలవాటవుతుంది.

వాకర్ నుంచి చేతికర్రకు చాలామంది రెండు నుంచి నాలుగు వారాల్లో మారతారు. పిడిమీద బరువు వేయకుండా, ఒళ్లు పక్కకు ఊగకుండా పది అడుగులు వేయగలిగితే మారవచ్చు. కర్ర బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. నొప్పి ఉన్న వైపే పట్టుకోవాలనిపిస్తుంది, చాలా ఇళ్లలో తాతలు అలాగే పట్టుకుంటారు. ఎదురు చేతిలో ఉంటే ఆపరేషన్ కాలు వేసేటప్పుడే కర్రా నేలకు ఆని బరువు పంచుకుంటుంది. కర్ర కింద రబ్బరు బుడిపె అరిగితే మార్చండి.

ఇంట్లో ఎవరైనా వారానికోసారి వెనక నుంచి, పక్క నుంచి నడకను వీడియో తీయండి. కుంటు నడిచేవాళ్లకు తెలియదు, వీడియోలో కనిపిస్తుంది.

బయట నడకకు చదునైన చోటు ఎంచుకోండి. హనుమకొండలో ఉంటే భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట బాగుంటాయి. ఊళ్లో అయితే సీసీ రోడ్డు. వేసవిలో పొద్దున ఆరున్నర లోపే ముగించండి. ఊడిపోయే హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. రామప్ప, ఖిలా వరంగల్ లాంటి చోట్ల ఎగుడుదిగుడు రాళ్లమీద చెప్పుల్లేకుండా నడవడం మూడు నెలల తర్వాత.

మెట్లకు ఒకటే సూత్రం: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. రెండు కాళ్లకూ ఆపరేషన్ అయితే బలమున్న కాలిని బాగున్న కాలిగా లెక్కించండి. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు మామూలు మెట్ల కన్నా ఎత్తు. దానికి తయారయ్యే పద్ధతి తర్వాత చెప్తాం.

ఆరు నుంచి పన్నెండు వారాలు: బలం

ఇక్కడే చాలామంది ఆపేస్తారు. నొప్పి తగ్గింది, నడుస్తున్నాం, ఇంకేం కావాలి అని. తొడ బలం తిరిగి రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. రోజు విడిచి రోజు ఈ కింది వ్యాయామాలు చేయండి.

కుర్చీలోంచి లేవడం, 10 సార్లు చొప్పున మూడు విడతలు. చేతులు ఛాతీమీద కట్టుకోండి. బాగున్న కాలిమీదకే బరువు వేసి లేవడం అందరూ చేసే పొరపాటు. అలా కాకుండా బాగున్న పాదాన్ని కొంచెం ముందుకు జరపండి, అప్పుడు ఆపరేషన్ కాలు పనిచేయక తప్పదు.

ఇటుకల మీద ఎక్కడం. ఇళ్లు కట్టేచోట దొరికే 4 అంగుళాల సిమెంటు సాలిడ్ ఇటుకలు రెండు పక్కపక్కన పడుకోబెట్టి గోడకు ఆనించండి. గోడ పట్టుకుని ఆపరేషన్ కాలితో పైకెక్కి, అదే కాలిమీద ఆగి, మెల్లగా మూడు లెక్కపెడుతూ దిగండి. 10 సార్లు, మూడు విడతలు. అదురు లేకుండా వచ్చాక 6 అంగుళాలవి, తర్వాత 8 అంగుళాలవి. ఎనిమిది అంగుళాలు గోడను వేలితో తాకుతూ ఎక్కగలిగితే కమ్మీ పట్టుకుని బస్సు ఎక్కవచ్చు. మోకాలు లోపలివైపు పడిపోతుంటే ఎత్తు తగ్గించాలి.

మడమలు ఎత్తి మునివేళ్లమీద నిలబడటం 15 సార్లు, రెండు విడతలు. పక్కకు పడుకుని పైకాలిని చాపి ఎత్తడం 15 సార్లు. తుంటి పక్క కండరం బలంగా లేకపోతేనే నడకలో ఒళ్లు ఊగుతుంది.

కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపే వ్యాయామానికి మడమ పైన బరువు కట్టవచ్చు. అర కిలో బియ్యం గుడ్డసంచిలో పోసి కుట్టి కడితే చాలు. 15 సార్లు సులువుగా వస్తే ముప్పావు కిలో, ఒక కిలో, అలా రెండు కిలోల దాకా. కదలని సైకిల్ ఉంటే సీటు ఎత్తుగా పెట్టి బిగుతు లేకుండా 5 నిమిషాలతో మొదలుపెట్టి 20 దాకా పెంచండి.

ఎంత చేయాలో మోకాలే చెప్తుంది. నొప్పిని పదికి కొలిస్తే చేసేటప్పుడు మూడు నాలుగు ఉండవచ్చు. మర్నాడు పొద్దున లేచేసరికి మామూలు స్థాయికి దిగాలి. చిప్ప నడిమధ్య చుట్టూ దర్జీ టేపుతో పొద్దున్నే కొలిచి రాసుకోండి. నిన్నటికన్నా సెంటీమీటరు పెరిగితే ఆ రోజు సగమే చేయండి. మచ్చకు బయటివైపు చర్మం మొద్దుబారడం, మోకాలు ఆరు నెలలదాకా వెచ్చగా ఉండటం, నడిచేటప్పుడు టక్‌టక్‌మనడం చాలామందికి ఉంటాయి, భయం లేదు.

పన్నెండు వారాలకు రెండు పరీక్షలు ఇంట్లోనే చేసుకోండి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఇంకా ఉన్నట్టు. రెండోది, 30 సెకన్లలో చేతుల సాయం లేకుండా ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లు 11, మగవాళ్లు 12 అందుకోవాలి. తక్కువైతే పొలం మాట తర్వాత, ఇటుకల దగ్గరికే మళ్లీ.

నేల, బండి, పొలం, పండుగ

గొంతుక్కూర్చోవడం, సక్లముక్లం వేసుకోవడం చాలామంది సర్జన్లు వద్దంటారు. అక్కడ 130 డిగ్రీలకు పైగా వంపు కావాలి, ప్లాస్టిక్ పలకమీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. బీడీలు చుట్టేవాళ్లు, మిర్చి తొడిమలు తీసేవాళ్లు పనిని బల్లమీదకు ఎత్తాలి, తామే కుర్చీ మీదకు రావాలి. పూజకు, నమాజుకు కుర్చీ. పొరపాటున నేలమీద కూర్చోవాల్సి వచ్చినా, పడిపోయినా లేచే పద్ధతి తెలిసి ఉండాలి: మంచం దగ్గరికి జరిగి చేతులూ మోకాళ్లమీదికి రండి, ఆపరేషన్ మోకాలి కింద దుప్పటి మడత వేయండి, రెండు చేతులు మంచంమీద ఆనించి, బాగున్న కాలి పాదాన్ని ముందుకు వేసి దానితో లేవండి. గాయం మానాక, ఫిజియోథెరపిస్టు ఎదురుగా ఒకసారి చేసి చూడండి.

స్కూటీ, బైకు నడపడం ఆరు వారాల లోపు వద్దు. ఆ తర్వాత కూడా డాక్టరు సరే అనాలి, మత్తు కలిగించే నొప్పి మాత్రలు మానేసి ఉండాలి, బండి ఒరిగితే ఆ కాలు నేలకు ఆనించి ఆపగలగాలి. వెనక సీటు మీద పక్కకు కూర్చుని వెళ్లడం అంతకన్నా ఆలస్యంగా. ఎక్కేటప్పుడు మోకాలు మెలిపడుతుంది.

పొలం పనులన్నీ ఒకటి కావు. పత్తి ఏరడం నిలబడి చేసేది కాబట్టి నాలుగైదు నెలలకు చాలామందికి కుదురుతుంది. నడుముకు కట్టుకునే సంచి మూడు నాలుగు కిలోలు కాగానే ఖాళీ చేయండి, సాలు చివర కుర్చీ పెట్టుకోండి. గంట పని, పది నిమిషాలు కూర్చోవడం. వరి నాటు మాత్రం మానేయమనే మా సలహా. బురదలో దిగబడిన పాదం కదలదు, ఒళ్లు తిరుగుతుంది, ఆ మెలిక అంతా మోకాలిమీదే పడుతుంది. గొంతుక్కూర్చుని కలుపు తీయడమూ అంతే. పొడుగు కట్టెతో ఉండే కలుపు పరికరం వాడండి. ట్రాక్టరు క్లచ్ గట్టిది, ఎడమ మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు మూడు నెలల ముందు ఎక్కొద్దు. ఒడ్లు, యూరియా బస్తా మళ్లీ భుజానికెత్తుకోవద్దు, తోపుడుబండి వాడండి.

బతుకమ్మ ఆడాలని అడిగే ఆడవాళ్లు చాలామంది, అడగాల్సిందే. జూన్ మొదట్లో ఆపరేషన్ అయితే ఎంగిలిపూల నాటికి దాదాపు నాలుగు నెలలు. గుండ్రంగా తిరిగేటప్పుడు పాదం నేలకు నాటి ఒళ్లు మాత్రమే తిప్పొద్దు, చిన్న అడుగులతో పాదంతో సహా తిరగండి. వంగి చప్పట్లు కొట్టేచోట నడుము దగ్గర వంగండి. పదిహేను రోజుల ముందు నుంచే ఇంటి ముందు రోజూ 10 నిమిషాలు ఆడి అలవాటు చేసుకోండి. సద్దుల బతుకమ్మ నాడు అరగంట ఆడి, కూర్చుని, మళ్లీ ఆడండి. చెరువు మెట్లు తడిగా, పాకురుతో ఉంటాయి, నిమజ్జనానికి దిగే పని కోడలికో మనవరాలికో అప్పగించండి. మేడారం జాతరకు ఆరు నెలల తర్వాతే, అదీ జంపన్నవాగులో తోపులాట లేని వేళ చూసుకుని, ఇసుకలో కర్ర పట్టుకుని.

ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపి వెళ్లండి

పిక్కలో ఒకచోట గట్టి నొప్పి, ఆ కాలు మొత్తం అకస్మాత్తుగా ఉబ్బడం: రక్తం గడ్డ కావచ్చు, అదే రోజు చూపించాలి, రుద్దకూడదు. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 108. గాయం నుంచి నీరు, చీము కారడం, ఎర్రదనం పాకడం, 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం: ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలి, ఊళ్లో యాంటీబయాటిక్ గోలీలు వేసుకుంటూ కూర్చోవద్దు. పడిపోయాక కాలిమీద బరువు వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదు.

ఆరు వారాలకు 90 డిగ్రీలు కూడా వంగకపోతే ఆలస్యం చేయొద్దు. మత్తిచ్చి మోకాలిని వంచే చికిత్స ఒకటి ఉంది, మూడు నెలల లోపు చేస్తేనే బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత లోపలి అతుకులు గట్టిపడతాయి. రెండో మోకాలికీ ఆపరేషన్ అనుకుంటున్నవాళ్లు మొదటి కాలు ఎంత చాపగలుగుతున్నారో కొలిచి, ఆ కాగితం సర్జన్‌కు చూపించి తేదీ నిర్ణయించుకోండి. మొదటి కాలు వంగి ఉండగానే రెండోది చేయిస్తే, చాపిన కొత్త కాలు కూడా పక్క కాలి పొట్టికి సరిపోయేలా వంగి నడవడం మొదలుపెడుతుంది.